పదిహేడో చుక్క

మొదటి రోజు

పొద్దున్నే నీడ తెర తాళ్లన్నీ చూసుకున్నాను. ఈశాన్యం మూల తాడు మళ్లీ వదులైతే బిగించాను. తొమ్మిదింటికల్లా తెర ఊరంతా పరుచుకోకపోతే ఎండకు ఏమవుతుందో పోయిన వేసవిలో పక్క జిల్లా చూసింది. అందుకని ఈ ఒక్క పనిలో మాత్రం నేను బద్ధకించను.

తర్వాత బడి గదిలోకి వచ్చి పటం వెలిగించాను. ఈ బడిలో పిల్లలు చదివి నలభై ఏళ్లయిందట. ఇప్పుడు గోడ నిండా మా పటమే. కారుమిట్టలో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు కాబట్టి ముప్పై ఎనిమిది చుక్కలు. అందరిలోకీ వయసులో చిన్నవాడికి అరవై ఆరేళ్లు. ప్రతి ఒక్కరి చెవిలో ఒక పూస ఉంటుంది. ఇద్దరు మాట్లాడుకుంటే రెండు పూసలూ విని ఆ రెండు చుక్కల మధ్య పచ్చగీత గీస్తాయి. ఎవరికి ఎంతమంది తోడున్నారో, ఎవరు ఒంటరిగా కుమిలిపోతున్నారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. పటం చూసేవాణ్ణి కాబట్టి నాకు పూస లేదు, చుక్కా లేదు.

ఈ యంత్రమంటే నాకు గౌరవం. నేను పుట్టి పెరిగిందంతా టవర్ల ఊళ్లో. అక్కడ మా నాన్న తన గదిలో పోయిన పన్నెండు రోజులకు గానీ ఎవరికీ తెలియలేదు. నేను అదే టవర్లో ఆరంతస్తులు పైన ఉన్నాను. ఆయన చెవిలో ఇలాంటి పూస ఒకటి ఉండి ఉంటే అనుకోని రోజు లేదు. ఈ ఉద్యోగం అడిగి మరీ తెచ్చుకున్నాను.

పూసలొచ్చి, నేనొచ్చి రెండు నెలలు. ఇవాళ మొదటిసారి ఒక చుక్క ఎర్రబడింది. పదిహేడో చుక్క. పేరు ఓబులమ్మ, వయసు ఎనభై ఒకటి, మలుపు దగ్గర పొడవాటి పిట్టగోడ ఉన్న ఇల్లు. రెండు నెలల్లో ఒక్క గీత పడలేదు. నియమం ప్రకారం ఇవాళ్టి నుంచి ఇరవై ఒక్క రోజుల్లో కనీసం మూడు గీతలు పడాలి. పడకపోతే ఒంటి చుక్కగా రాసి పట్నంలోని ఆశ్రయ భవనానికి తరలించాలి. కాగితం మీద సంతకం నాది.

వెనక గోడ మీద గంజి గిన్నె రోజూలాగే వచ్చి ఉంది. ఆఫీసువాళ్లు నాకు చేసిన టిఫిన్ ఏర్పాటు. తాగి, శుభ్రంగా కడిగి, గోడ మీదే బోర్లించి పెట్టాను.

రెండో రోజు

వీధి చుట్టి ఓబులమ్మ ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని కొర్రలు చెరుగుతోంది. బాగా పొడుగు మనిషి. నన్ను చూసి చాప చూపించి, చెంబుతో నీళ్లిచ్చి, మళ్లీ చేట అందుకుంది. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను, చేట ఆడింది. ఎవరైనా వచ్చి పోతుంటారా అన్నాను, చేట ఆడింది. పదకొండు ప్రశ్నలడిగి పదకొండుసార్లు చేట చప్పుడు విన్నాను.

పక్కింటి నాంచారమ్మకు డెబ్బై నాలుగు. గోడ మీద గడ్డం ఆనించి ఇదంతా వినోదంగా చూస్తోంది.

"ఎంతసేపు అడిగినా అంతే అబ్బాయ్. అక్క నోరు తెరవదు."

"మాట రాదా అండీ ఆవిడకి?"

"రాకపోవడవా! మీరు రాకముందు ఊరందరికీ తలంటేది. చెవిలో పూస పెట్టిన పొద్దున ఒకటే మాటంది. నా మాట ఇనేవోళ్లు నా ఎదురుగా కూసోవాల, చెవిలో దూరి కూసునేవోడికి నేను చెప్పేదేం లేదు అని. అంతే. ఆ పొద్దున మూసిన నోరు."

"మరి పూస తీసేయొచ్చుగా?"

"తీస్తే ఆ ఇంటి ముందు మందుల బండి ఆగదంటగా. మీరే చెప్పారు. అందుకని పూస ఉంచుకుంది, నోరు మూసుకుంది."

నాకు ఒళ్లు మండింది. మంచి చేద్దామని వస్తే మొహం తిప్పుకునే మనుషుల్ని చూస్తే నాకెప్పుడూ మండుతుంది.

ఐదో రోజు

మందుల బండి వచ్చింది. వారానికి రెండుసార్లు తనంతట తనే నాలుగు ఊళ్లూ తిరిగిపోతుంది. మళ్లీ పదకొండు కిలోల బరువు ఎక్కువ చూపించింది. డ్రైవరుంటే వాణ్ణి తిట్టేవాణ్ణి, లేడు కాబట్టి కాటా చెడిపోయిందని ఆఫీసుకు మూడోసారి రాశాను.

సాయంత్రం తెర ముడుచుకోగానే నాంచారమ్మనూ, మూడో వీధి తిరుపాలునూ బతిమాలి ఓబులమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. తిరుపాలు డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, ఒంటరిగా ఉంటాడు. ఒకప్పుడు మేళాల్లో డోలు వాయించాడు. ఇప్పుడు ఒక కాలు ఈడుస్తాడు. ఎదురుపడ్డ వాళ్లందరితో మాట్లాడతాడు, ఎవరూ లేకపోతే తనలో తను మాట్లాడుకుంటాడు. పటంలో అందరికంటే ఎక్కువ గీతలు ఆయనవే. పని ఆయనతో అయిపోతుందనుకున్నాను.

"ఏం ఓబులమ్మా, వానలు ఎట్టా ఉన్నాయి?" అన్నాడు తిరుపాలు, పద్యం అప్పజెప్పినట్టు.

"వాన పడి మూడేళ్లయింది బావా!" అని నాంచారమ్మ పకపకా నవ్వింది.

"ఈ అబ్బాయే అట్టా అడగమన్నాడు. నన్నేం చెయ్యమంటావు?"

ఓబులమ్మ లేచి లోపలికెళ్లి ముగ్గురికీ మూడు గిన్నెల్లో గుగ్గిళ్లు తెచ్చి చేతుల్లో పెట్టింది. కూర్చుంది. పటం దగ్గరికి పరుగున వచ్చి చూశాను. గీత లేదు. రెండో గొంతు వినబడలేదని రాసి ఉంది. మళ్లీ వెళ్లి, "ఒక్క మాటమ్మా, ఊఁ అన్నా చాలు" అని దాదాపు కాళ్ల మీద పడ్డంత పని చేశాను. ఆవిడ నా వంక చూస్తూ పూస ఉన్న చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని, నాకు చూపించి, వదిలేసింది. ఇంత మొండి మనిషిని నేను నా జన్మలో చూడలేదు. గుగ్గిళ్లు మాత్రం బాగున్నాయి.

ఎనిమిదో రోజు

ఆఫీసు నుంచి ముందస్తు నోటీసు వచ్చింది. పొద్దున ఆవిడ వాకిట్లో అందరి ముందూ చదివాను. ఇరవై ఒకటో రోజున బండి వస్తుందనీ, రెండు జతల బట్టలూ ఒక సంచీ తీసుకెళ్లవచ్చనీ, భవనంలో గది చల్లగా ఉంటుందనీ చెప్పాను. అన్నీ నిజాలే.

ఓబులమ్మ లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్లింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడ మీద అరచేత్తో నిమురుకుంటూ నడిచింది. చివరికి తిరుపాలు గొంతు సవరించుకున్నాడు.

"అయితే గిన్నెలు ఇచ్చెయ్యాల."

అందరూ తలలూపారు. నాంచారమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఒక మనిషి ఊరు విడిచిపోతుంటే వీళ్లకు సామాన్ల గొడవ పట్టుకుంది. ఈ ఊరంటే నాకు అసహ్యమేసింది.

తొమ్మిదో రోజు

తెల్లవారేసరికి ఓబులమ్మ వాకిట్లో మనుషులు బారుగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో రెండో మూడో గిన్నెలు. ప్రతి గిన్నెలోనూ ఏదో ఒకటి ఉంది, గుప్పెడు కందిపప్పు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక అరటిపండు. ఆవిడ అందుకుని, ఉన్నది చేటలో ఒంపుకుని, గిన్నెను అరుగు మీద పెడుతోంది. మాటల్లేవు. గిన్నె అందిస్తున్నప్పుడు ఇద్దరి చేతులూ ఒక క్షణం ఆగుతున్నాయి, అంతే.

ఊరు విడిచిపోయే మనిషి చేతి మీదుగా వచ్చిన గిన్నెను ఇంట్లో ఉంచుకోకూడదట. ఎవరి పేరు కొట్టించిన గిన్నె అయినా సరే, ఎవరి చేత్తో వచ్చిందో వాళ్లకే ఇవ్వాలి. వాళ్ల ఆచారాలు వాళ్లవి, నేను పక్కన కూర్చుని చూశాను.

పదింటికి మందుల బండి వచ్చింది. మందులు దించుకుందామని తలుపు తెరిస్తే బల్ల కింద గిన్నెలు. ట్రేల వెనక గిన్నెలు. ఐసు పెట్టెలో మూతపెట్టిన టిఫిన్ డబ్బాలు. వేపలమడక నుంచి, సున్నపుబండ నుంచి, పుల్లలమిట్ట నుంచి వచ్చినవి. నిన్నటి నోటీసు ఇరవై మైళ్ల అవతలికి ఎవరు చేరవేశారో నాకు తెలియదు. పదకొండు కిలోల సంగతి మాత్రం తెలిసింది. ఆఫీసుకు ఏమని రాయాలో తోచక ఊరుకున్నాను.

సాయంత్రానికి అరుగు నిండి, వాకిలి నిండి, మెట్ల మీదకు వచ్చాయి. లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు. వంగి పేర్లు చదవడం మొదలుపెట్టాను. పేరు, కింద సంవత్సరం, కొన్నింటి మీద ఎవరి పెళ్లికి ఎవరిచ్చారో కూడా. సొట్టలు పడి, అతుకులు వేసి, అంచులు అరిగి ఉన్నాయి. ఒకదాని మీద వరదమ్మ అని ఉంది. ఆ పేరుతో పటంలో చుక్క లేదు.

"వరదమ్మ ఎవరండీ?" అని నాంచారమ్మను అడిగాను.

"మా ఆడబిడ్డ. పోయి పదకొండేళ్లయింది. ఆమె గిన్నె ఇంకా ఊరు తిరుగుతానే ఉంది."

ఎండ వాలి గిన్నెల మీద పడుతుంటే ఆ వాకిలి వైపు సరిగ్గా చూడలేకపోయాను. నాకు అర్థం కానిది ఏదో చాలా పెద్దది నా కళ్ల ముందు ఉంది, అంతవరకే తెలిసింది.

పన్నెండో రోజు

రాయాల్సింది చాలా ఉంది.

మూడు రోజులుగా ఊళ్లో గోడలన్నీ బోసిగా ఉన్నాయి. అదివరకు రోజూ పొద్దున గోడల మీద గిన్నెలు ఉండేవి, ఆరబెట్టుకుంటారనుకునేవాణ్ణి. గిన్నెలు పోయాయి, గోడలు శుభ్రంగా ఉన్నాయని కూడా అనుకున్నాను. నా తెలివికి నన్నేం చెయ్యాలి!

తొమ్మిదింటికి తెర పరుచుకుంది. పటం చూశాను, అన్నీ పచ్చగా ఉన్నాయి, పదిహేడు తప్ప. తిరుపాలు చుక్క కింద పొద్దుటి నుంచి నలభై నిమిషాల సొంత మాటలు, ఉల్లాసంగా ఉన్నారు అని రాసి ఉంది. నవ్వుకుని తాళ్లకు నూనె పట్టించుకుంటున్నాను. బడి తలుపు మీద దబదబా చప్పుడు. చూస్తే ఓబులమ్మ. ఆ వేడిలో, చెప్పుల్లేకుండా, చేతిలో గరిటెతో తలుపు బాదుతోంది.

"లెయ్" అంది. "తిరుపాలు గిన్నె తియ్యలా."

ఆవిడ గొంతు వినడం అదే మొదలు. ఏమిటని అడగబోయేసరికి ఆవిడ అప్పుడే వీధి మలుపులో ఉంది. వెనకే పరుగెత్తాను. తిరుపాలు ఇంటి గోడ మీద ఒక గిన్నె మూతతో సహా అలాగే ఉంది. తలుపు తోసుకుని పెరట్లోకి వెళ్లాం. నీళ్ల తొట్టి పక్కన బండల మీద తిరుపాలు పడి ఉన్నాడు. తెల్లవారుజామున కాలు జారిందట. పెదాలు పగిలి ఉన్నాయి. "నాంచారీ... ఎవురన్నా రండి... నాంచారీ..." అని గొణుగుతూనే ఉన్నాడు. నేను పటంలో చూసి నవ్వుకున్న నలభై నిమిషాల ఉల్లాసం అదే.

ఇద్దరం కలిసి నీడలోకి లాగాం. ఓబులమ్మ గిన్నెలోని మజ్జిగ చుక్క చుక్కగా తాగించింది. "ఇంకో గంటయితే పోయేవోడివి" అని తిరుపాలును తిట్టింది. పదింటికి వచ్చిన మందుల బండిలోని తెర మీద డాక్టరు చూసి తొంటి విరగలేదు, బెణికిందన్నారు. ఇంకో గంట ఆలస్యమైతే వడదెబ్బకు బతికేవాడు కాదని కూడా అన్నారు. నేను బయటికొచ్చి బడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తిరుపాలు గురించో మా నాన్న గురించో నాకే తెలియదు.

పదమూడో రోజు

తిరుపాలు మంచం పక్కన నాంచారమ్మ కూర్చుని విసురుతోంది. ఎదురుగా కూర్చుని అన్నీ అడిగాను. ఈసారి పటం కోసం కాదు.

"ఏముంది అబ్బాయ్ ఇందులో. పొద్దున్నే నేను బావ గోడ మీద గిన్నె పెడతా. బావ అది తీసుకుని ఇంకోటి అవతలోళ్ల గోడ మీద పెడతాడు. ఏదో ఒకటి ఏస్తాం, ఖాళీది పెట్టకూడదు. తెర పరిచే ఏళకి గిన్నె గోడ మీదే ఉందనుకో, పెట్టినోళ్లు పోయి తలుపు కొడతారు. అంతే."

"ఎన్నాళ్లుగా?"

"మా అత్త పెట్టేది. ఆమె అత్త కూడా పెట్టే ఉంటది."

"మరి ఓబులమ్మ గారు?"

"అన్ని వరసలూ అక్క గోడ కాడ కలుస్తాయి. ఎవురికి కళ్లు కనపడటంలా, ఎవురికి అరగటంలా, ఎవురింట్లో రెండ్రోజుల నుంచి పొయ్యి ఎలగలా, తిరిగొచ్చిన గిన్నె చూస్తే అక్కకి తెలిసిపోద్ది. మళ్లీ ఎవురి గిన్నె ఎటు పోవాలో మార్చుద్ది. పక్క ఊళ్లయి బండిలో పోతాయి."

"అయితే మూడు రోజులుగా ఎందుకు ఆపేశారు?"

నాంచారమ్మ విసనకర్ర ఆగిపోయింది. "పొయ్యే మనిషికి మళ్లీ గిన్నె పెడితే ప్రయాణానికి అడ్డం పడ్డట్టు గదా. కీడు. అక్క మంచిగా పోవాలనే గదా ఆపాం. మా చేతులతో మేమే బావని చంపుకునేవోళ్లం."

"తిరుపాలు గారి గోడ మీద మరి..."

"అక్క వినలా. బావ కాలు బాగాలేదని ఆ గిన్నె మాత్రం తనే నడిచెళ్లి పెట్టింది. ఇంకోటేదో కూడా ఆపలేదని సైగ చేసింది, ఎవురిదో చెప్పలా."

బడి గదికి వచ్చి పటం ముందు చాలాసేపు నిలబడ్డాను. గీతలన్నీ మాటలే. అసలు సంగతి ఒక్కటీ అందులో లేదు. తిరుపాలును తిట్టినందుకు పదిహేడుకు ఒక్క గీత పడింది గానీ మూడు కావాలి, ఎర్ర చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది.

పద్నాలుగో రోజు

నా దగ్గర ఇంకో రకం పూసలు ఒక పెట్టెడు ఉన్నాయి. మందుల పొట్లాలకు కట్టేవి. పొట్లం ఎక్కడ బయల్దేరి ఏ ఇంట్లో ఆగిందో పటం మీద నీలం గీత గీస్తాయి. వాటికి వినికిడి లేదు. వాటిని వేరే పనికి వాడితే ఉద్యోగం పోతుందని మొదటి రోజే సంతకం చేయించుకున్నారు. పొద్దున్నంతా ఆ పెట్టె చుట్టూ తిరిగాను. మధ్యాహ్నం పెట్టె చంకలో పెట్టుకుని వీధి చుట్టి ఓబులమ్మ ఇంటికి వెళ్లి, ఆవిడకు ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

గిన్నెల అడుగున ఇవి అంటిస్తాననీ, ఏ గిన్నె ఎక్కడికి వెళ్తుందో ఆఫీసుకు చూపిస్తాననీ చెప్పాను. ఇవి మాటలు వినవనీ చెప్పాను. ఒక పూస అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది.

"గిన్నెకి చెవులుంటే ఉండనీ. మనుషులకి పెట్టమాక" అంది.

"మీరు ఊరు విడిచి వెళ్లకూడదమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పోతానని నేనన్నానా?" అంది ఓబులమ్మ, లేచి తుమ్మబంక తేవడానికి లోపలికి వెళ్తూ.

పదహారో రోజు

రెండు వందల పన్నెండు గిన్నెలకు పూసలంటించాం. కానీ ఖాళీ గిన్నె గడప దాటకూడదు కదా. నిన్నా ఇవాళా ఊరంతా ఆ వాకిట్లోనే ఉంది. మూడు పొయ్యిలు పెట్టారు. కొర్రలు తెచ్చినవాళ్లు, బెల్లం తెచ్చినవాళ్లు, మునగాకు దూసినవాళ్లు. నడవలేని తిరుపాలును మంచంతో సహా మోసుకొచ్చి నీడలో దించితే, ఎవరి గిన్నెలో ఏముండాలో అరిచి చెప్పాడు.

"పుల్లలమిట్ట సుబ్బులుకి బెల్లం వద్దు, చక్కెర జబ్బు! ఆ సొట్ట గిన్నె వేపలమడక పెద్దాయనది, పళ్లు లేవు, మెత్తగా ఉడకనీండి!"

ఎవరూ ఏదీ రాసుకోలేదు. నాలుగు ఊళ్ల ముసలివాళ్ల పళ్లూ, కళ్లూ, కీళ్లూ వీళ్లకు నోటికి వచ్చు. నాకు పొయ్యి ఊదే పని ఇచ్చారు. పొగ తప్ప మంట రాలేదని అందరూ నవ్వారు. పదింటికి వచ్చిన బండిలో మందులు దించి గిన్నెలెక్కించాం. డెబ్బై కిలోలు ఎక్కువ చూపించింది. ఈసారి ఫిర్యాదు రాయలేదు.

పదిహేడో రోజు

పొద్దున పటం వెలిగించాను. ఊళ్లో గోడ నుంచి గోడకు నీలం గీతలు. ప్రతి వరసా తిరిగి తిరిగి పదిహేడో చుక్క దగ్గరికి వచ్చి ఆగి, అక్కడి నుంచి మళ్లీ బయల్దేరుతోంది. ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరూ బయట లేరు. గంటసేపు టీ కూడా పెట్టుకోకుండా అలాగే చూశాను.

ఇరవయ్యో రోజు

నిన్న బండి నాలుగు ఊళ్లూ చుట్టి గిన్నెలతో తిరిగి వచ్చింది. ఇవాళ పొద్దున తలుపు తెరిచి పటం వెలిగించేసరికి గీతలు గోడ మీద పట్టలేదు. మూల తిరిగి పక్క గోడ మీదకు, కిటికీ మీదకు, పైకప్పు మీదకు పాకాయి. వేపలమడకలో చుక్కలు, సున్నపుబండలో చుక్కలు, నేను ఎన్నడూ పేరు వినని కొండ కింద పల్లెల్లో చుక్కలు. నేను గది మధ్యలో నిలబడితే నా చొక్కా మీద, నా చేతుల మీద నీలం గీతలు. ఒక గిన్నె మూడు రోజుల్లో పంతొమ్మిది ఇళ్లు తిరిగింది. వరదమ్మ గిన్నె అది. పోయిన మనిషి పేరు ఉన్నవాళ్ల తలుపులు తట్టుకుంటూ తిరుగుతోంది.

ఇంత పెద్ద పనిని ఏ ఆఫీసూ కట్టలేదు. ఒక్క జీతగాడు లేడు. మోకాళ్ల నొప్పులున్న మనుషులు, పొద్దున్నే లేచి, గుప్పెడు పప్పుతో, ఇన్ని వందల మందిని రోజూ బతికి ఉన్నారా లేదా అని చూసుకుంటున్నారు. మా నాన్న తలుపు ముందు ఎవరైనా ఒక్క గిన్నె పెట్టి ఉంటే ఆ మధ్యాహ్నానికే తలుపు తట్టి ఉండేవారు. ఆరంతస్తులు దిగి ఆ గిన్నె నేనే పెట్టి ఉండవచ్చు. పెట్టాలని నాకు ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదింటికి ఆఫీసు నుంచి దమయంతి గారు ఫోన్ చేశారు. తరలింపులన్నీ ఆవిడే చూస్తారు.

"వేదాద్రి గారూ, మీ పటం పాడైపోయింది. ఇక్కడ మా గోడంతా నీలంగా ఉంది."

"పాడవలేదు మేడమ్. పొట్లాల పూసలు గిన్నెలకు అంటించాను. తప్పే. నివేదికలో అంతా రాశాను."

నివేదిక చదువుతున్నారని తెలుస్తోంది. తిరుపాలు సంగతి దగ్గర కాబోలు, ఒకసారి ఊపిరి గట్టిగా తీసుకున్నారు.

"ఆ నడిమి చుక్క ఎవరండీ? అన్నీ అక్కడికే వస్తున్నాయి."

"పదిహేడు మేడమ్. రేపు మీరు బండి పంపాల్సిన మనిషి."

"ఆవిణ్ణి తీసేస్తే ఈ నాలుగు ఊళ్లకూ నేను ఎంతమందిని పంపాలి? నా దగ్గర లేరు" అన్నారు, తనలో తనే. తర్వాత, "తరలింపు రద్దు చేస్తున్నాను. ఎరుపు తీసేయండి. పూసల సంగతి మీరూ నేనూ తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నారు.

పదిహేడో చుక్క ఎరుపు అక్కడికక్కడే తీసేశాను. ఆవిడ ఫోన్ పెట్టబోతూ ఆగారు.

"అన్నట్టు, మీ ఊళ్లో ముప్పై ఎనిమిది మందే కదా? ముప్పై తొమ్మిదో చుక్క ఒకటి కనిపిస్తోంది, పేరు లేదు. ఎవరిది?"

దగ్గరికెళ్లి చూశాను. పదిహేడో చుక్కకు ఆనుకుని ఇంకో చుక్క ఉంది. రెండింటి మధ్య గీత ఎంత పొట్టిదంటే వేలి గోరు కింద దాగిపోతుంది. పొట్లం పూస ఎక్కడాగితే అక్కడ పటం తనంతట తనే చుక్క పెడుతుంది. అది ఆగిన చోటు బడి. బడి వెనక గోడ.

ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్లాను. గోడ మీద ఇవాళ గంజి రోజూ వచ్చేదాంట్లో కాకుండా వేరే గిన్నెలో ఉంది. ఎత్తి చూస్తే అడుగున పూస, తుమ్మబంక, నా వేలిముద్ర. వీధి చుట్టి మూడు వందల అడుగులు నడిచి వెళ్లే ఆ ఇల్లు నా వెనక గోడకు అవతలే ఉందని ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు. నేను నోటీసు చదివిన మర్నాడు కూడా గంజి గిన్నె వచ్చింది. ఊళ్లో గోడలన్నీ బోసిపోయిన రోజుల్లో కూడా వచ్చింది.

నాంచారమ్మను అడిగితే పడీ పడీ నవ్వింది.

"ఆఫీసోళ్లు పంపిస్తన్నారనుకున్నావా? రెణ్ణెల్ల నుంచి రోజూ ఖాళీ గిన్నె పెడతన్నావు, అదీ బోర్లించి! ఈ అబ్బాయికి మనమంటే పడదేమో అక్కా అంటే, వండుకోను రాదులే, గిన్నె తీస్తన్నాడుగా, బతికే ఉన్నాడు, అది చాలని చేతులతోనే చెప్పింది."

ఇరవై ఒకటో రోజు

పొద్దున్నే తాళ్లు చూసుకున్నాను. ఈశాన్యం మూల తాడు ఇవాళ గట్టిగానే ఉంది. పట్నం నుంచి బండి రాలేదు.

తర్వాత పొయ్యి వెలిగించాను. నాలుగుసార్లు ఊదితే మంట వచ్చింది. తిరుపాలు దగ్గర నుంచి తెచ్చుకున్న కొర్రలు, బడి ముందున్న మునగచెట్టు ఆకు. జన్మలో మొదటిసారి ఒక వంట వండాను. అడుగంటింది. పైన మాడనంత వరకూ గిన్నెలోకి తీసి, మూతపెట్టి, వెనక గోడ మీద పెట్టాను. బోర్లించకుండా.

పటం దగ్గరికి వెళ్లలేదు. అక్కడే నిలబడ్డాను. తెర పరుచుకోవడానికి ఇంకా పావుగంట ఉంది.

అవతల నుంచి ఒక చెయ్యి వచ్చింది. ముడతలు పడ్డ పొడుగాటి చెయ్యి. గిన్నె పట్టుకుని, బరువు తెలిసి, ఒక క్షణం ఆగింది. తర్వాత గిన్నె గోడ అవతలికి వెళ్లింది. మూత చప్పుడైంది. అప్పుడు గోడ మీదుగా ఓబులమ్మ తల లేచింది, నోట్లో ముద్దతో. నా కళ్లలోకి చూస్తూ మెల్లగా నమిలి మింగింది.

"ఉప్పెక్కువైంది" అంది.

ఈ మాట పటంలో పడలేదు. నా చెవిలో పూస లేదు, ఎదురుగా నిలబడి విన్నాను. రేపు ఉప్పు తగ్గించాలి.